తలల సందు మౌనం

భయానక కథ, అపరాధ పరిశోధక కథ ఒకే ఇంట పుట్టిన అక్కాచెల్లెళ్లు. 1839లో అషర్ వంశపు పాడుబడిన భవనం కథ వ్రాసిన ఎడ్గార్ ఎలన్ పో, 1841లో ర్యూ మోర్గ్ హత్యల కథతో డిటెక్టివ్‌ను సృష్టించాడు. మొదటి కథలో ఇల్లు తన రహస్యంతో కూలిపోతుంది. రెండవ కథలో మూసిన గది రహస్యాన్ని బుద్ధి విప్పుతుంది. కోనన్ డాయిల్ బాస్కర్‌విల్ వేటకుక్క కథలో రెండూ కలిసి, వంశశాపం అనుకున్నది మనిషి కుట్రగా తేలుతుంది. పాఠకుడు నిశ్చింతగా నిద్రపోతాడు.

సౌదీ రచయిత్రి రజా ఆలెమ్ మనకు ఆ నిశ్చింతను ఇవ్వదు. మక్కాలో జన్మించిన ఈమె నవల ‘పావురం కంఠహారం’ 2011లో అరబిక్ నవలల అంతర్జాతీయ బహుమతిని మరొక నవలతో కలిసి పంచుకున్నది. ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఈమే. మక్కాలోని అబూ అల్ రూస్ అనే సందులో, అంటే తలల సందులో, ఒక స్త్రీ శవం నగ్నంగా దొరుకుతుంది. సిగ్గుపడి, ఆమె మా మనిషి అని చెప్పడానికి ఎవరూ ముందుకు రారు. నాసర్ అనే డిటెక్టివ్ ఆయిషా ఈమెయిళ్లను, యూసుఫ్ వ్రాతలను చదువుతూ పరిశోధిస్తాడు. కాని కథ చెప్పేది అతడు కాదు, ఆ సందే!

ఇక్కడ మన బేతాళ కథలు జ్ఞాపకం రాక మానవు. శ్మశానమూ శవమూ భయానకానివి. చిక్కుప్రశ్నా తీర్పూ పరిశోధనవి. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే విక్రమార్కుని తల వేయి ముక్కలవుతుంది. ఆలెమ్ సందులో తలలు అనేకం. తెలిసినా అవి నోరు విప్పవు, పగలవు కూడా. భయం పుట్టేది దయ్యం వల్ల కాదు, ఆ మౌనం వల్ల.

మా చెరకుతోటల్లో పెద్దలు చెప్పిన కథలలోనూ బావిగట్టున తిరిగే ఆడదయ్యం ఉండేది. ఆమె ఎలా మరణించిందని అడిగినవారు లేరు. దయ్యం కథ అంటే చాలాసార్లు దర్యాప్తు జరగని నేరమే కదా!

లోపం లేకపోలేదు. ద్వితీయభాగంలో కథ స్పెయిన్‌కు తరలినప్పుడు పరిశోధన పట్టు సడలుతుంది. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ వలె చివరి పుటలో అన్ని ముడులూ విప్పేవారు కావాలనుకునే పాఠకులకు నిరాశ తప్పదు. అయినా ఆంగ్లానువాదం లభిస్తున్నది, చదవండి. హంతకుడెవరు అన్న ప్రశ్నకన్న ముందు, ఆమె ఎవరు అని అడగటం ఈ నవల నేర్పుతుంది.