ఎనిమిదో మెట్టు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న కీబోర్డు అది. 61 మెట్లు, అయిదు స్థాయిలు, రెండు పక్కలా స్పీకర్లు. హార్మోనియం వాళ్ల అలవాటు నాకూ ఉంది, కీలను మెట్లనే అంటాను. అడాప్టర్ గుచ్చితే లైటు వెలిగి ఆరిపోయేది. వైరును ఎడమవైపుకు వంచి పట్టుకుంటే నిలిచేది. నిలిచినప్పుడు కొన్ని మెట్లు మూగగా ఉండేవి. మరికొన్ని ఎంత మెల్లగా తాకినా గట్టిగా అరిచేవి.

మొదటి జబ్బు చిన్నది. అడాప్టర్ పిన్ను గుచ్చే సాకెట్ లోపల సర్క్యూట్ బోర్డు మీద మూడు కాళ్లతో నిలబడి ఉంటుంది. ఏళ్ల తరబడి వైరు లాగుళ్లకు ఆ కాళ్ల చుట్టూ ఉన్న టంకం గుండ్రంగా పగులుతుంది. మెకానిక్‌లు దీన్ని డ్రై సోల్డర్ అంటారు. వెంట్రుకంత సన్నని ఆ వలయం భూతద్దంలో స్పష్టంగా కనిపించింది. పాత టంకం కరిగించి తీసి, కొత్తది పోస్తే సరిపోయింది. ఈ పనికి ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. పిన్ను నడిమి భాగం కొన్ని కీబోర్డుల్లో ప్లస్, కొన్నింటిలో మైనస్. సాకెట్ పక్కన చిన్న బొమ్మ ముద్రించి ఉంటుంది. ఆ బొమ్మనూ అడాప్టర్‌నూ మల్టీమీటర్‌తో సరిపోల్చాకే కరెంటు ఇవ్వాలి. సంతలో యంత్రంతో పాటు ఇచ్చిన అడాప్టర్ దానిదే అయి ఉండాలని ఏమీ లేదు.

రెండో జబ్బు దగ్గరే నేను రెండు రోజులు కూర్చున్నాను. కూర్చున్నందుకు సంతోషంగానూ ఉంది.

మూగ మెట్లను కాగితం మీద రాసుకున్నాను. మొదటి స్థాయిలో సి, జి షార్ప్. రెండో స్థాయిలో ఇ ఒక్కటే. మూడో స్థాయిలో మళ్లీ సి, జి షార్ప్. నాలుగులో ఇ. అయిదులో సి, జి షార్ప్. సి ని షడ్జంగా తీసుకుంటే షడ్జం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం అన్నమాట. ఏ రాగమూ ఇలా ఒక స్థాయిలో రెండు స్వరాలు, తర్వాతి దానిలో ఒక్కటి చొప్పున వదిలేయదు. సంగీతంగా చూస్తే దీనికి తలా తోకా లేదు. అప్పుడు స్వరాలను పక్కన పెట్టి, ఎడమ నుంచి మెట్లను వరసగా లెక్కపెట్టాను. 1, 9, 17, 25, 33, 41, 49, 57. ప్రతి ఎనిమిదో మెట్టూ పోయింది.

ఆ లెక్కతోనే మూత విప్పకముందే లోపలి అమరిక కళ్లకు కట్టింది. ఒక్కో మెట్టు కింద రెండేసి స్విచ్చులుంటాయి, ఎందుకో తర్వాత చెబుతాను. అంటే 122 స్విచ్చులు. ఒక్కోదానికీ ప్రాసెసర్ దాకా విడి తీగ లాగితే యంత్రమంతా తీగలే అవుతుంది. అందుకని తయారీదారు మెట్లను ఎనిమిదేసి చొప్పున ఎనిమిది గుంపులు చేశాడు. చివరి గుంపులో అయిదే ఉన్నాయి. ప్రాసెసర్ తరగతిలో హాజరు వేసినట్టు గుంపుల్ని ఒక్కొక్కటిగా పిలుస్తుంది: ఒకటో గుంపూ, మీలో ఎవరు నొక్కబడ్డారు? జవాబులు ఎనిమిది తీగల మీద వస్తాయి. తర్వాత రెండో గుంపు, మూడో గుంపు, చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి. వేలు మెట్టు మీద నుంచి లేచేలోపు ఈ హాజరు ఎన్నోసార్లు పూర్తవుతుంది. పిలవడానికి రెండు స్విచ్చులకు కలిపి 16 తీగలు, జవాబులకు 8. మొత్తం 24 తీగల సన్నని రిబ్బన్ 122 స్విచ్చుల కబురు మోస్తోంది. పిలిచే తీగ తెగితే పక్కపక్కనే ఉన్న ఎనిమిది మెట్లు దెబ్బతింటాయి. జవాబు తీగ తెగితే ప్రతి ఎనిమిదోదీ పోతుంది. నాది రెండోది, అందులోనూ ఎనిమిదింటిలో మొదటి తీగ.

ఇలాంటి అల్లికలో ఒక చిక్కుంది, దాని విరుగుడు నాకు మరీ ఇష్టం. రెండు గుంపులు, రెండు జవాబు తీగలు కలిసి నాలుగు మూలల పెట్టె అవుతాయి. మూడు మూలల మెట్లను ఒకేసారి నొక్కితే, కరెంటు ఆ మూడింటి గుండా చుట్టూ తిరిగి నాలుగో మూలకు చేరుతుంది. ఎవరూ నొక్కని స్వరం మోగుతుంది. అలా వెనక్కి నడవకుండా ప్రతి స్విచ్చుకూ ఒక డయోడ్ కాపలా పెట్టారు. బియ్యపుగింజంత గాజు గొట్టం, ఒక కొసన నల్ల గీత, కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుంది. బోర్డు వెనక అవి ఒకే దిశకు తిరిగి వరసగా పడుకుని ఉంటాయి. రెండు చేతులా పది వేళ్లతో పట్టిన స్వరాలు కలగాపులగం కాకుండా వినిపిస్తున్నాయంటే, ఆ గింజల వల్లే.

విప్పినప్పుడు మరలను కలపకూడదు. వాటి పొడవులు వేరు. కీబోర్డు అడుగు బొమ్మను అట్ట మీద గీసి, ఏ మరను ఆ చోటే గుచ్చాను. రిబ్బన్ కొస నుంచి డయోడ్ల దాకా మల్టీమీటర్ రెండు సూదులూ ఆనిస్తే ఏడు జవాబు దారులు కూత పెట్టాయి, ఒకటి పెట్టలేదు. ఆ దారి వెంట భూతద్దం జరుపుకుంటూ వెళ్తే బ్యాటరీ అర కింద పచ్చటి మరక దొరికింది. ఎప్పుడో మరిచిపోయిన సెల్లు కారింది. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం, అది రాగి ట్రాక్‌ను ఒక గోరంత మేర తినేసింది. వెనిగర్ తడిపిన దూదిపుల్లతో ముందు ఆ క్షారాన్ని విరిచి, తడి గుడ్డతో తుడిచి ఆరనిచ్చాను. బ్లేడు మొనతో రెండు వైపులా ఆకుపచ్చ పూత గీకితే ఎర్రటి రాగి బయటపడింది. రెండు చోట్లా పలచగా టంకం పూసి, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న వైరులోంచి ఒకే ఒక్క పోగు తీసి వంతెనలా వేశాను. ఎనిమిది మెట్లూ ఒక్కసారే పలికాయి.

ఇక అరిచే మెట్లు. ఇక్కడే ఆ రెండేసి స్విచ్చుల సంగతి వస్తుంది. హార్మోనియంలో మెట్టును ఎలా నొక్కినా ధ్వని ఒకటే, హెచ్చుతగ్గులు తిత్తి ఊదే గాలివి. పియానో అలా కాదు. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్తోఫోరి చేసిన అమరికలో మెట్టు ఒక చిన్న సుత్తిని తీగ మీదికి విసురుతుంది. చివరి క్షణంలో సుత్తి వేలి అదుపు తప్పి తనంతట తానే ఎగురుతుంది, కాబట్టి ధ్వనిని నిర్ణయించేది దాని వేగం. కీబోర్డులో సుత్తి లేదు, మరి ఆ వేగం తెలిసేదెలా? మెట్టు కింద రబ్బరు బుడిపె, దాని లోపల రెండు నల్లటి కార్బన్ బిళ్లలు. ఒకటి వెంట్రుకవాసి కిందికి దిగి ఉంటుంది. నొక్కితే మొదట అది బోర్డును తాకుతుంది, ఆ వెనకే రెండోది. ఈ రెండు తాకిళ్ల నడుమ గడిచిన మిల్లీసెకన్లను ప్రాసెసర్ లెక్కిస్తుంది. తక్కువ కాలమైతే గట్టి స్వరం, ఎక్కువైతే మెత్తనిది. ఈ యంత్రం బలాన్ని తూచదు, కాలాన్ని కొలుస్తుంది. వేలి స్వభావమంతా ఒక మిల్లీమీటరు లోపు ప్రయాణంలో పట్టేశారు.

1983 నుంచి వాడుకలో ఉన్న మిడి పద్ధతిలో ఈ స్పర్శ 1 నుంచి 127 దాకా అంకెగా బయటికి వస్తుంది. కంప్యూటర్‌కు కలిపి చూస్తే మంచి మెట్లు 40, 62, 85 అంటూ మారుతున్నాయి. జబ్బు మెట్లు ఎప్పుడూ 127. మొదటి బిళ్ల కింద దుమ్ము చేరింది, అది తాకినా కరెంటు పారడం లేదు. రెండోది మాత్రమే కబురు చెబుతోంది. ప్రాసెసర్ లెక్కలో రెండు తాకిళ్ల మధ్య కాలం సున్నా, అంటే మహావేగం. పాపం, తనకందిన కబురుకు అది సరైన అర్థమే చెప్పింది.

దుమ్ము దాకా వెళ్లాలంటే మెట్లు తీయాలి. ఒక్కో మెట్టూ విడిగా ఉండదు, దువ్వెన పళ్లలా వెనక ఒకే ప్లాస్టిక్ పట్టీకి అతికి ఉంటాయి. సి, ఇ, జి, బి ఒక దువ్వెన. డి, ఎఫ్, ఎ ఇంకొకటి. నల్ల మెట్లు మూడోది. తెల్ల మెట్ల మధ్య సందు చాలా సన్నం, అన్నీ కలిపి ఒకే అచ్చులో పోయడం కష్టం. ఒకటి విడిచి ఒకటి పోసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే సందులు వాటంతట అవే కుదురుతాయి. పట్టీకి అతికిన చోట ప్లాస్టిక్ కాగితంలా పలచబడుతుంది. ఆ పలచదనమే మడతబందు. కీలూ లేదు, ఇరుసూ లేదు, ఏళ్ల తరబడి వంగి లేస్తుంది. మెట్టును పైకి నెట్టేది కింద ఉన్న రబ్బరు బుడిపె.

రబ్బరు పట్టీ వెనక వైపున బుడిపె నుంచి బుడిపెకు సన్నని గాడులున్నాయి. మెట్టు నొక్కినప్పుడు లోపలి గాలి వాటిగుండా జారుకోవాలి, లేకపోతే మెట్టు గాలిబుడగలా ఎదురు తిరుగుతుంది. దుమ్ము కూడా ఆ గాడుల్లోంచే వచ్చింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో బోర్డు మీది కార్బన్ దువ్వెన గీతలను, బిళ్లలను ఒక్కో ఊపున తుడిచాను. గోరు తగలనివ్వకూడదు, అది లోహం కాదు, పూత. తిరిగి బిగించేటప్పుడు పట్టీ కింది రబ్బరు మేకులను బోర్డు రంధ్రాల్లోకి తోయాలి. సూదితో తోస్తే చిరుగుతాయి. సిరా అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ మొన దీనికి భలే సరిపోయింది.

తుడిచాక కూడా నడిమి స్థాయిలో రెండు మెట్లు తడబడ్డాయి. ఆ పట్టీని వెలుతురులో పెట్టి చూశాను. తెల్ల మెట్ల బిళ్లలు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. నల్ల మెట్లవి కొత్తవాటిలా మసకగా ఉన్నాయి. నాకు ముందు దీన్ని వాయించినవారు ఒకటో శ్రుతిలో, తెల్ల మెట్ల మీదే, శంకరాభరణం మేళంలోని స్వరాలే సాధన చేసి ఉంటారు. మొదలుపెట్టిన ప్రతి చేయీ నడిచే దారే అది. అన్ని స్థాయిల పట్టీలూ ఒకే అచ్చువి. అట్టడుగు స్థాయి పట్టీ ఇంకా మసక పోకుండా ఉంది. దాన్ని తీసి నడిమి స్థాయిలో పెట్టి, అరిగినదాన్ని ఎడమ కొసకు పంపాను. రాత్రి మధ్య స్థాయి షడ్జాన్ని వీలైనంత మెల్లగా నొక్కి చూస్తే తెర మీద 9 అని పడింది.