వైగై నాయకులు, నొయ్యల్ నాయుళ్ళు

మదురై, కోయంబత్తూరు రెండూ ఏటి ఒడ్డు ఊళ్ళే. రెండింటిలోనూ వందల ఏళ్ళుగా తెలుగువాళ్ళున్నారు. కానీ ఆదివారం సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని నీళ్ళ ఒడ్డుకు బయల్దేరితే మాత్రం దేని తీరు దానిదే. మదురైలో ఏట్లోకి దిగుతాం. కోయంబత్తూరులో ఏటిని వదిలి చెరువు గట్టెక్కుతాం.

మదురై ఏరు వైగైలో చాలా నెలలు నీళ్ళకంటే ఇసుకా గడ్డీ ఎక్కువ. స్మార్ట్ సిటీ పేరిట ఒడ్డున గోడలు కట్టారు, రోడ్లు వేశారు. బండ్లకు దారి దొరికింది గానీ మనిషి కూర్చోవడానికి నీడ కరువే. ఆ ఏటిని చిత్రై పండగనాడు చూడాలి. బంగారు గుర్రమెక్కి అళగర్ స్వామి ఏట్లో దిగే తెల్లవారుజామున ఇసుక కనబడదు, అంతా జనమే. తోలుతిత్తులతో స్వామి మీద నీళ్ళు చిమ్మే భక్తుల మధ్య పొడి బట్టలతో బయటపడ్డవాడు లేడు. తమిళ మాసి నెలలో జరిగే మీనాక్షి కల్యాణాన్ని చిత్రై నెలకు జరిపి అళగర్ ఉత్సవంతో కలిపింది తిరుమల నాయకుడే (1623–59) అంటారు. శివుడివాళ్ళనీ విష్ణువువాళ్ళనీ ఒక్క ఏట్లో నిలబెట్టిన తెలివి అది.

తెప్పకుళం చెరువు కూడా ఆయనదే. 1645లో తవ్వించాడు. వెయ్యి అడుగుల పొడవు, దానికి కాస్త తక్కువ వెడల్పు, నడుమ మంటపం. ఆయన మహల్ ఇటుకలకు ఇక్కడి మట్టే వాడారనీ, ఆ తవ్వకంలో దొరికిన వినాయకుడే మీనాక్షి గుడిలోని ముక్కురుణి పిళ్ళయార్ అనీ ఊరి మాట. ఆ చెరువు ఏళ్ళ తరబడి ఎండిపోయి పిల్లల క్రికెట్ మైదానమైంది. వైగై నుంచి వచ్చే పనైయూర్ కాలువ బాగుపడ్డాక మళ్ళీ నిండింది. సాయంత్రం దాని గట్టు మీద కూర్చున్నవాళ్ళను చూస్తే, ఆ ఊళ్ళో అసలైన పార్కు ఇదేననిపిస్తుంది. కావాలని కట్టిన పార్కులేవీ దీని దరిదాపుకు రావు.

కోయంబత్తూరు సంగతి వేరు. అక్కడి ఏరు నొయ్యల్ ఒడ్డున చూడదగ్గది పేరూరు. అక్కడి పట్టీశ్వరుడి గుడిలో కనకసభను తిరుమల నాయకుడి కాలంలోనే అళగాద్రి నాయకుడు కట్టించాడంటారు. స్తంభాల మీద ఊర్ధ్వతాండవం, పైకప్పు నుంచి వేలాడే రాతి గొలుసులు చూడటానికే ఒక పూట పెట్టొచ్చు. గుడి దాటి పడిత్తురైకి, అంటే ఏటి మెట్ల రేవుకు వెళితే, ఆషాఢ అమావాస్యకు పితృతర్పణాలు వదిలే జనం. ఏటితో ఊరికి మిగిలిన పని దాదాపు అదే.

కోయంబత్తూరు పీలమేడులోని కమ్మవారికి నది అవసరం పెద్దగా రాలేదు. పత్తి పండే నేల, లోతు బావులు, ఆ బావుల్లోంచి నీళ్ళు తోడే మోటారు, ఇదీ వాళ్ళ లోకం. పి.ఎస్.జి. ధర్మసంస్థ 1926 నాటిది. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి మోటారు తయారుచేసింది 1937లో. అందుకే ఇక్కడ పిల్లలకు చూపించవలసింది నీటి ఒడ్డు కాదు, అవినాశి రోడ్డు మీది నాయుడిగారి మ్యూజియం, కార్ల ప్రదర్శన. మదురై నాయకుడు నీటిని పండగ చేశాడు. కోయంబత్తూరు నాయుడు దాన్ని గొట్టంలోకి ఎక్కించాడు. నా ఓటు అడిగితే, చూడటానికి మదురై, బతకడానికి కోయంబత్తూరు.

కోయంబత్తూరులో నీళ్ళ ముచ్చట తీరాలంటే మిగిలినవి చెరువులు. ఉక్కడం పెరియకుళం, వాలాంకుళం గట్లకు ఈమధ్య నడకదారులు, పడవలు, సెల్ఫీ అక్షరాలు వచ్చాయి. దారి నున్నగా ఉంది, గాలి ఇటు తిరిగిందంటే మురుగు కంపు. దీపాలు పెట్టినంత శ్రద్ధ నీళ్ళ మీద పెట్టలేదు. 2017లో జీవవైవిధ్య ప్రాంతంగా ప్రకటించిన సింగానల్లూరు చెరువే నయం, అక్కడ పక్షులు మనకోసం వేషం వేయవు.

పొద్దున్నే ఈ గట్ల మీద తెలుగు వినాలంటే నాయుళ్ళ కోసం వెతకనక్కర్లేదు. చీపుళ్ళు పట్టుకుని నడకదారి ఊడ్చే పారిశుధ్య కార్మికుల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు. తమిళనాడు 2009లో ఎస్సీ కోటాలో వాళ్ళకు 3 శాతం విడిగా కేటాయించింది. తెలుగు సభల్లో మన వక్తలు మాత్రం ఇప్పటికీ తిరుమల నాయకుడితో మొదలెట్టి జి.డి. నాయుడి దగ్గర శాలువా అందుకుని దిగిపోతారు.