మంచి ఏడే గండం

లారీ కింద వంగి చూస్తే వెనక ఇరుసు మీద ఉక్కు పట్టీలు దొంతరగా పేర్చి కనిపిస్తాయి. కంపెనీ కాగితాల్లో వాటి పేరు లీఫ్ స్ప్రింగ్. డ్రైవర్లకు, మెకానిక్కులకు మాత్రం అవి కమాన్ కట్టలు. విల్లులా వంగి ఉంటాయి కనుక ఆ పేరు వచ్చింది.

పని చూడ్డానికి సులువే. ఉక్కు పట్టీని కొలతకు కోసి, నడుమ బెజ్జం కొట్టి, ప్రధాన పట్టీకి కొసన కన్ను చుడతారు. తొమ్మిది వందల డిగ్రీల పైన ఎర్రగా కాల్చి, వంపు తెచ్చి, నూనెలో ముంచుతారు. అక్కడితో వదిలేస్తే పట్టీ గాజులా పెళుసు. మళ్లీ తక్కువ వేడిలో నిదానంగా కాచి ఆ పెళుసుతనం తగ్గించాలి. ఆ తర్వాత సన్నటి ఉక్కు గుళ్ల వాన కురిపించి పై పొరను గట్టిపరుస్తారు. లక్షల సార్లు వంగి లేచినా పట్టీ విరగకుండా ఉండేది ఈ గుళ్ల దెబ్బల వల్లే.

కొలిమి దగ్గర జరిగే తప్పు ఏదైనా పరీక్షలో బయటపడుతుంది. కమాన్ కట్టలు చేసేవాడిని ముంచే దెబ్బలు కొలిమికి చాలా దూరం నుంచి వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం అమ్మకాలు బ్రహ్మాండంగా ఉన్న ఏడాదిలోనే బయల్దేరతాయి.

2018-19నే చూడండి. దేశంలో ఆ ఏడాది వాణిజ్య వాహనాల అమ్మకాలు మొదటిసారి పది లక్షలు దాటాయి. వాటిలో మధ్యతరహా, భారీ వాహనాలు సుమారు 3.9 లక్షలు. కమాన్ కట్టలకు అసలు గిరాకీ ఈ భారీ బండ్ల నుంచే. రెండేళ్లు తిరిగేసరికి, 2020-21లో ఆ 3.9 లక్షలు 1.6 లక్షలయ్యాయి. కరోనా వల్లే అనుకుంటే పొరపాటు. అంతకుముందు ఏడాదే లెక్క 2.24 లక్షలకు పడిపోయింది.

అసలు కథ 2018 జులైలో మొదలైంది. లారీలు మోయగల బరువు పరిమితిని కేంద్రం పెంచింది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, పెద్ద ట్రెయిలర్లది 49 నుంచి 55కు వెళ్లింది. బండి సొంత బరువు తీసేసి లెక్క వేస్తే, ఆరు లారీలు మోసే సరుకును ఇక అయిదు మోసేస్తాయి. రవాణా వ్యాపారికి పండగే. ఆరో లారీకి కమాన్ కట్టలు చేద్దామని కొత్త కొలిమి పెట్టుకున్నవాడి సంగతి ఎవరికి పట్టింది? సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. ఫైనాన్స్ కంపెనీలు గుప్పిట బిగించాయి. మన దేశంలో లారీ కొనేది చాలావరకు అప్పు మీదే.

2019 సెప్టెంబరులో అశోక్ లేలాండ్ తన ఎన్నూరు ఫ్యాక్టరీకి 16 రోజులు, పంత్‌నగర్‌కు 18 రోజులు పని లేని రోజులుగా ప్రకటించింది. తల్లి ఫ్యాక్టరీకి సెలవంటే, దాన్ని నమ్ముకున్న పిల్ల ఫ్యాక్టరీల్లో కొలిమి ఆరినట్టే. బ్యాంకు వాయిదాకు మాత్రం సెలవుండదు.

ఈ ఆట అమెరికావాళ్లు ముందే ఆడారు. 2007లో అక్కడ పొగ నిబంధనలు కఠినమయ్యాయి. కొత్త ఇంజిన్లు ఖరీదవుతాయని తెలిసి 2006లోనే అందరూ ఎగబడి కొన్నారు. ఉత్తర అమెరికాలో ఆ ఏడాది సుమారు 3.76 లక్షల భారీ ట్రక్కులు తయారయ్యాయి. 2009లో 1.2 లక్షలైనా లేవు. ట్రక్కు చక్రాలు చేసే ఆక్యురైడ్ ఆ అక్టోబరులో దివాలా రక్షణ కోరి కోర్టు మెట్లెక్కింది, మరుసటి ఫిబ్రవరిలో బయటపడింది. 2024 అక్టోబరులో మళ్లీ అదే మెట్లెక్కింది.

మనకూ అలా ఎగబడి కొన్న సందర్భం ఒకటుంది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు, ఏప్రిల్ 1 నుంచి పాత పొగ ప్రమాణాల బీఎస్-3 బండ్లు అమ్మడానికి వీల్లేదంది. అప్పటికి అమ్ముడుపోకుండా ఉన్నవి ఎనిమిది లక్షల పైచిలుకు, అందులో వాణిజ్య వాహనాలు 96 వేలు. చేతిలో ఉన్న రెండు రోజులూ షోరూముల ముందు తిరునాళ్లే.

కొనే చేతులు తక్కువ కావడం మరో చిక్కు. యమునానగర్‌లో పుట్టిన జమ్నా ఆటో, లారీ కంపెనీలు కొనే కమాన్ కట్టల్లో దాదాపు మూడింట రెండొంతులు తానే చేస్తుంది. అంత పెద్ద కంపెనీకీ ముఖ్యమైన కొనుగోలుదారులంటే టాటా, అశోక్ లేలాండ్, ఐషర్, మహీంద్రా లాంటి కొద్దిమందే. ఉక్కు ధర పెరిగితే కొంటున్నవాళ్లు ఆ పెరిగిన మేర ఇవ్వరని కాదు, ఇస్తారు. కాకపోతే లెక్కలు తేలేది మూడు నెలలు ఆలస్యంగా. ఆ మూడు నెలలూ నెగ్గుకు రావాల్సింది తయారీదారే.

అందుకే తెలివైనవాళ్లు స్పేర్ల మార్కెట్టును వదలరు. కొత్త బండ్లు అమ్ముడుపోని ఏడాది పాత బండ్లకే మరమ్మతులు చేయించుకుంటారు, కట్టలు మార్పిస్తారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ సూత్రం చెప్పకుండానే అందరికీ తెలుసు. అయితే ఇక్కడో తమాషా ఉంది. కట్ట విరిగేది గుంతల రోడ్డు మీద, మితిమీరిన లోడు కింద. 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ఓవర్‌లోడుకు 20 వేల రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో రెండు వేలు వేసింది. రోడ్లు బాగుపడి, డ్రైవర్లు బుద్ధిమంతులైతే ముందు నష్టపోయేది స్పేర్లు అమ్మేవాడు! ఏ వార్షిక నివేదికా ఈ ప్రమాదాన్ని ఇంత పచ్చిగా రాయదు.

కరెంటు లారీల భయం అందరికీ ఒకేలా లేదు. ఇంజెక్టర్లు, సైలెన్సర్లు చేసేవాళ్లకు నిద్ర పట్టకపోవడంలో అర్థముంది. కమాన్ కట్టలకు ఆ బెంగ లేదు, బ్యాటరీ లారీ అయినా బరువు మోయాల్సిందే. వీళ్ల శత్రువు వేరు. పది పన్నెండు పట్టీల చోట, నడుమ మందంగా ఉండి కొసలకు పలచబడే పారబోలిక్ పట్టీలు రెండు మూడు సరిపోతున్నాయి. గాలి సంచుల మీద బండిని నిలిపే ఎయిర్ సస్పెన్షన్ వస్తే అవీ చాలావరకు అక్కర్లేదు.

విదేశీ మార్కెట్టును నమ్ముకుందామన్నా, 2025 నవంబరు 1 నుంచి అమెరికా భారీ ట్రక్కులు, వాటి విడిభాగాల దిగుమతుల మీద 25 శాతం సుంకం వేసింది. అక్కడి ట్రక్కులకు ఇరుసులు, క్రాంక్‌షాఫ్టులు పంపే పుణె భారత్ ఫోర్జ్ లాంటివాళ్లకు ఆ లెక్క సూటిగా తగులుతుంది.

ఇంటి దగ్గర మాత్రం గాలి మారింది. 2025 సెప్టెంబరు 22న లారీల మీదా, విడిభాగాల మీదా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అదే ఏడాది మార్చిలో విజయవాడకు దగ్గర్లోని మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీ తలుపులు తెరిచింది. బస్సు కిందా కట్టలుంటాయి. కమాన్ కట్టలు చేసేవాడి బల్ల మీదకు ఇలాంటి రోజుల్లోనే కొత్త కొలిమి కొటేషన్ వస్తుంది, దాని వెనకే అప్పు ఇస్తామంటూ బ్యాంకు మేనేజరూ నవ్వుతూ వస్తాడు.