పాడిపశువుల మీథేను – ఒక నివేదికపై విమర్శ

ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ 2013లో పశుపోషణకు, వాతావరణ మార్పుకు గల సంబంధంపై ఒక పెద్ద నివేదికను ప్రకటించింది. మానవుల మూలంగా వెలువడే హరితగృహ వాయువులలో 14.5 శాతం పశుపోషణ నుండియే వస్తున్నదని అందులో చెప్పబడినది. అదే సంస్థ 2023లో ఈ అంకెను సుమారు 12 శాతంగా సవరించినది. అంకె మారినను, నివేదిక చూపిన మార్గం మారలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాలలో గేదెను నమ్ముకొన్న కుటుంబాల దృష్టితో ఆ మార్గాన్ని పరిశీలించవలసి ఉన్నది.

నెమరువేసే పశువు గడ్డిని తానొక్కటే అరిగించుకొనలేదు. దాని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు పీచును పులియబెడతవి. అప్పుడు పుట్టే ఉదజనిని వేరొక జాతి సూక్ష్మజీవులు బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేనుగా మారుస్తవి. ఈ వాయువు చాలవరకు త్రేన్పులతో నోటినుండి బయటికి పోతుంది. మేతలోని శక్తిలో సుమారు 6 శాతం ఈ విధంగా వ్యర్థమవుతుంది. కనుక మీథేనును తగ్గించడం వాతావరణానికే గాక రైతుకు కూడా మేలే.

ఈ మేలును స్పష్టంగా చూపడం నివేదికలోని గొప్ప గుణం. దక్షిణాసియాలో వ్యవసాయంతో కలిసి సాగే పాడిపరిశ్రమలో మేత, ఆరోగ్యం, పోషణ బాగుపడినచో వాయువులు 38 శాతం తగ్గగలవని అది అంచనా వేసినది. ఇందుకు కొత్త యంత్రాలు అక్కరలేదు. తెలిసిన పద్ధతులే చాలును.

అయితే లోపం లెక్కలోనే ఉన్నది. ఆ అంచనా పాల ఉత్పత్తి పెరగక, ఉన్నంతే ఉంటుందనే ఊహపై నిలిచినది. 2050 నాటికి లోకంలో పాల గిరాకి 2010 కంటె 58 శాతం పెరుగుతుందని అదే నివేదిక మరొకచోట చెప్పుతున్నది. ఈ రెంటిని కలిపి చూడండి. నేటి వాయువు 100 పాళ్లనుకొంటే, మెరుగుదలవల్ల అది 62కు దిగుతుంది. పాలు 58 శాతం పెరిగితే తిరిగి 98కి చేరుతుంది. మెరుగుదల లేనిచో 158 అయ్యేది గనుక చేసిన కృషి వృథా కాదు. కాని లీటరు పాలకు తగ్గిన వాయువును చూపి, మొత్తం తగ్గినదని చెప్పడం మాత్రం సత్యం కాదు. వాతావరణానికి లీటర్ల లెక్క తెలియదు.

రెండవ లోపం నేలకు సంబంధించినది. మంచి మేత పెట్టమనడం సులభం. పచ్చిమేత ఎక్కడ పండించాలి? పత్తికట్టె, మిరపకట్టె పశువు తినే మేత కావు. రొక్కపు కౌలు చెల్లించే రైతు మిరప వేయవలసిన ఎకరాన్ని పశుగ్రాసానికి విడువలేడు. భూమిలేని ఇంటి గేదెకు గట్లమీద కోసిన గడ్డి, కొన్న వరిగడ్డి తప్ప గతి లేదు. ఎండు వరిగడ్డిలో పీచు ఎక్కువ, పోషణ తక్కువ; అది తిన్న గేదె లీటరు పాలకు ఎక్కువ మీథేను విడుస్తుంది. మేతను మార్చమనే సలహా ఈ కౌలు చిక్కును తాకనంతవరకు నీతిబోధగానే మిగులుతుంది.

ఐనను చేయదగినవి లేకపోలేదు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను నీటిలో కలిపి చల్లి, గాలి చొరకుండ మూడు వారాలు కప్పియుంచితే అది బాగా అరుగుతుంది. పత్తిచెక్క ఈ ప్రాంతపు సొంత దాణా. గింజలో మిగిలిన నూనె మీథేను తయారీని కొంత అణచుతుంది. ప్రకాశంలో కాగితపు మిల్లులకై పెంచే సుబాబుల్ ఆకు మంచి మేత. కాని అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉన్నందున పచ్చిమేతలో మూడవవంతు మించరాదు. అన్నిటికంటె ముఖ్యం, గేదె వట్టిపోయిన రోజులను తగ్గించడం. పాలివ్వని రోజుల్లో కూడా అది తింటూనే ఉంటుంది, మీథేను విడుస్తూనే ఉంటుంది. సకాలంలో ఎద గుర్తించి కట్టించడం, దూడను బాగా మేపి త్వరగా ఈనేటట్లు చేయడం ఏ మందుకన్న చౌక.

నివేదిక ఇచ్చిన కొలబద్దను పారవేయనవసరం లేదు. దానిపక్కన మరి రెండు ప్రశ్నలు ఉంచవలె: మందలో మొత్తం పశువులెన్ని? ఆ మేత పండే నేల ఎవరిది?