పేరు తీసేస్తే చాలదు

వారపత్రికలో ప్రశ్నలు-జవాబుల పేజీ చూసే సబ్ ఎడిటర్‌కి మొదట చెప్పే పని, ఉత్తరం చివర పేరు కొట్టేయడం. అది ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తర్వాతే ఉంటుంది. "మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండీ. మావారు ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరు. మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. ఇద్దరాడపిల్లల తర్వాత నాకు..." అంటూ సాగే ఉత్తరానికి కింద పేరుంటేనేం, లేకపోతేనేం? ఆ ఊళ్ళో పత్రిక తెప్పించుకునే ఏ ఇంట్లో చదివినా మూడో వాక్యానికల్లా మనిషెవరో తెలిసిపోతుంది. హైదరాబాదులో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు చదువుతాడని ఆవిడకు భయం లేదు. ఆడపడుచు చదువుతుందనే భయం.

ఆ పేజీ నేను చాలా ఏళ్ళు చూశాను. దాచవలసింది పేరు కాదు, ఆనవాలు అని ఆ ఉత్తరాలే నేర్పాయి. ఏది ఆనవాలో చెప్పే సూత్రమేదీ లేదు. ఒక ఉత్తరంలో తప్పకుండా తీసేయవలసిన సంగతే ఇంకో ఉత్తరానికి ప్రాణం. ఆరోగ్యం గురించిన ప్రశ్నలో పెళ్ళి ఏ సంవత్సరం జరిగిందో ఎవరికీ అక్కర్లేదు. అదే, తండ్రి ఆస్తిలో వాటా గురించి అడిగిన ఆడపిల్ల ఉత్తరంలో ఆ సంవత్సరం తీసేస్తే లాయరు జవాబు చెప్పలేకపోయేవాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కునిచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్ళైపోయినవాళ్ళకు ఆ హక్కు రాలేదు. దేశమంతటికీ వర్తించే సవరణ 2005లో గాని రాలేదు. అంచేత ఆ రోజుల్లో 1985 నాటి తేదీకి పెళ్ళి ముందా వెనకా అన్నది ఉంచవలసి వచ్చేది. పొలం ఏ కాలవ కింద ఉందో, అన్నగారు ఏ పార్టీలో తిరుగుతున్నారో తీసేయవలసి వచ్చేది.

తీసేయడం వేరు, మార్చేయడం వేరు. నేనెప్పుడూ హెడ్మాస్టర్ని డాక్టర్ని చేయలేదు. 'ప్రభుత్వోద్యోగి' అని రాసి ఊరుకునేదాన్ని. లేని సంగతి కల్పిస్తే జవాబు కూడా లేని మనిషికే వెళ్తుంది. ఇక ఉత్తరం రాసినావిడ బాధ చెప్పుకున్న వాక్యాల జోలికి వీలైనంతవరకు పోయేదాన్ని కాదు. "నాకు చచ్చిపోవాలని లేదండీ, కాసేపు నిద్రపోవాలని ఉంది" అని ఒకావిడ రాసింది. దాన్ని పత్రికల తెలుగులోకి దిద్దితే, అదే అవస్థలో ఉన్న మరొకామె అది తన ఉత్తరమే అని ఎలా అనుకుంటుంది?

ఇలాంటివి అచ్చు వేయడం ఎందుకు, విడిగా జవాబు రాస్తే పోదా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' ప్రశ్నోత్తరాల శీర్షిక ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు నడిచిందంటే, రాసినవాళ్ళ వల్లే కాదు, రాయలేనివాళ్ళ వల్ల కూడా. ఆరోగ్యం గురించి డాక్టర్ సమరం గారు పత్రికల్లో ఇచ్చిన జవాబులూ అంతే. అమ్మనీ అక్కనీ అడగలేని సంగతి ఇంకెవరో అడిగిన ప్రశ్నలో దొరికేది. విడిగా రాసే జవాబు ఒక్కరికే అందుతుంది. పైగా అది గుట్టుగా అందుతుందన్న నమ్మకం కూడా లేదు. పత్రిక పేరు అచ్చేసిన కవరు పోస్టుమాన్ తెచ్చి మామగారి చేతికిస్తే, "పత్రికవాళ్ళు నీకెందుకు రాశారమ్మా?" అన్న ప్రశ్న వస్తుంది. వేలమంది చదివే పేజీలో ఆనవాలు లేకుండా పడిన జవాబే ఆ ఇంట్లో ఆవిడకు క్షేమం.

పేరు తీసేస్తే చాలదన్న సంగతి చట్టానికి కూడా మెల్లగానే అర్థమైంది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని 1983లో చట్టం చేశారు. పేరొక్కటే కాదు, ఏ కాస్త ఆధారంతోనైనా ఆమెను గుర్తుపట్టగలిగే వివరమేదీ ప్రచురించకూడదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో స్పష్టంగా చెప్పింది. ఏడాది తిరగకుండానే, 2019 నవంబరులో, హైదరాబాద్ శివార్లలో ఒక యువతిపై అత్యాచారం చేసి చంపిన ఘోరం జరిగింది. ఆమెను 'దిశ' అని పిలవమని పోలీసులు కోరేసరికే అసలు పేరూ ఫోటోలూ ఫోన్లలో దేశమంతా తిరిగేశాయి. పంపినవాళ్ళలో చాలామంది దుఃఖంతోనే పంపి ఉంటారు. ఆ దుఃఖం ఆమెకు ఏ మాత్రం రక్షణ కాలేకపోయింది.

పేరు తీసి అంకె పెట్టినా ఇదే కథ. 2006లో ఏఓఎల్ అనే అమెరికన్ కంపెనీ సుమారు 6,50,000 మంది ఇంటర్నెట్‌లో వెతికిన మాటల్ని, పేర్ల స్థానంలో అంకెలు పెట్టి, పరిశోధకుల కోసమని విడుదల చేసింది. కొద్ది రోజులకే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక అంకె వెనకున్న మహిళ ఎవరో కనుక్కున్నారు. ఆవిడ ఏ వూరి పనివాళ్ళ గురించి వెతికిందో, ఏ ఇంటిపేరువాళ్ళ గురించి వెతికిందో చూస్తే చాలు, మనిషి దొరికిపోయింది.

ఇప్పుడా ఉత్తరాలు చాలావరకు పత్రికలకు రావడం లేదు, ఇంటర్నెట్ గ్రూపుల్లోకి వెళ్తున్నాయి. ఫేస్‌బుక్ గ్రూపులో పేరు కనపడకుండా పోస్టు పెట్టవచ్చు. గ్రూపు నడిపేవాళ్ళకు తప్ప తోటి సభ్యులకు ఆ పేరు కనపడదు. కానీ మధ్యలో ఉత్తరం దిద్దే చెయ్యి లేదు. ఒకమ్మాయి అత్తింటి కష్టం నాలుగు ముక్కల్లో జాగ్రత్తగానే రాస్తుంది. కింద మొదలవుతాయి: "మీది ఏ ఊరమ్మా?" "మీవారేం చేస్తారు?" "పిల్లలెంతమంది?" అడిగేవాళ్ళు మంచివాళ్ళే, సాయం చేద్దామనే అడుగుతారు. ఆ అమ్మాయీ మర్యాద కోసం ఒక్కొక్కదానికీ జవాబు చెప్తుంది. పదో జవాబుకి పేరొక్కటే మిగులుతుంది. ఈలోపు ఎవరో స్క్రీన్‌షాట్ తీస్తారు, అది బంధువుల వాట్సాప్ గ్రూపుకి చేరుతుంది.

నా పేజీలో అచ్చయింది నెల తిరిగేసరికి పచారీ కొట్లో పొట్లమయ్యేది. తెరమీద రాసినదానికి ఆ అదృష్టం లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మన సమాచారాన్ని తుడిపించుకునే హక్కు ఇచ్చిందని చాలామంది ధైర్యంగా ఉన్నారు. తన గురించి తానే బహిరంగంగా పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదని అందులోనే రాసి ఉంది.

కాబట్టి గ్రూపులు నడిపే అమ్మాయిలు సలహా అడిగితే నేను చెప్పేది ఇదే. పోస్టు రాగానే వదలొద్దు, ఒక పూట ఆపండి. "మీ ఇంట్లోవాళ్ళు చదివితే ఏ మాటకు గుర్తుపడతారు?" అని రాసినామెనే విడిగా అడగండి. ఆ మాట తీయించి వేయండి. ఆ తర్వాత కింద ఎవరైనా ఊరు పేరు అడిగితే, ఆమె జవాబు చెప్పేలోపే ఆ ప్రశ్న తీసేయండి.