తన హద్దు తానే లెక్కగట్టే పనిముట్టు

2019 అక్టోబరులో అమెజాన్ తన వినియోగదారుల వ్యాపారంలో మిగిలిన చివరి ఒరాకిల్ డేటాబేస్‌ను ఆపేసింది. దాదాపు 7,500 డేటాబేస్‌లు, 75 పెటాబైట్ల సమాచారం తన సొంత క్లౌడ్ సేవల్లోకి చేరాయని ప్రకటించింది. అంత పని చేయడానికి అమెజాన్‌కు తగిన బలగముంది. అది లేని ఓ మోస్తరు కంపెనీ ఒరాకిల్ వదిలి క్లౌడ్‌లోని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మారాలనుకుంటే చాలాసార్లు దాని చేతికి వచ్చేది ఓరా2పీజీ. ఫ్రాన్స్‌కు చెందిన జిల్ దరోల్డ్ పెర్ల్ భాషలో రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 2001లో మొదలై నేటికీ మెరుగుపడుతూనే ఉంది. తన అజూర్ క్లౌడ్‌కు వచ్చేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ రాసిన మార్గదర్శకాల్లోనూ దీని పేరు కనిపిస్తుంది.

తరలింపు అనగానే అందరికీ డేటా గుర్తొస్తుంది. నిజానికి డేటా తేలిక. వరసలు చదివి, వరసలు రాస్తే సరిపోతుంది. కష్టమంతా ఏళ్ల తరబడి డేటాబేస్ లోపల పేరుకుపోయిన ప్రొసీజర్లు, ట్రిగ్గర్లు, ప్యాకేజీల దగ్గరే. అవి ఒరాకిల్ సొంత భాషలో ఉంటాయి. అందుకే ఓరా2పీజీలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది దాని మార్పిడి శక్తి కాదు, మార్పిడికి ముందు అది ఇచ్చే రిపోర్టు.

ఆ రిపోర్టు టేబుళ్లు, ఇండెక్సులు, ట్రిగ్గర్లు, ఫంక్షన్లు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. తర్వాత కోడ్ మొత్తం చదివి, తాను మార్చలేని చోట్లన్నిటికీ ఇంత శ్రమ అని విలువ కడుతుంది. ఒక యూనిట్ అంటే 5 నిమిషాలు. అదీ పోస్ట్‌గ్రెస్‌లో ఆరితేరిన మనిషి చేస్తే. మీకిదే మొదటి మైగ్రేషన్ అయితే 10 నిమిషాలో, ఇంకా ఎక్కువో పెట్టుకోండని మాన్యువల్ చెబుతుంది. వాడేవాడి నైపుణ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న పనిముట్లు నేను ఎక్కువ చూడలేదు. చివర్లో ఒక అక్షరం, ఒక అంకె వస్తాయి. ఏ అంటే దాదాపు దానంతటదే జరిగిపోయే తరలింపు. బీ అంటే కొద్దిరోజుల పని, సీ అంటే ఆ హద్దు దాటిన పని. అంకె 1 అయితే ఫంక్షన్లూ ట్రిగ్గర్లూ లేవు. 5 అయితే వాటిని మనిషి కూర్చుని తిరగరాయాలి. మేనేజరుకు ఇది చాలు. డేటాబేస్‌ను చూసుకునే డీబీఏకు కావాలంటే ఏ ఫంక్షన్‌కు ఎంత శ్రమో విడివిడిగా చూపిస్తుంది.

ఇక మార్పిడి. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్, విలువే లేదని చెప్పే నల్ రెండూ ఒకటే. పోస్ట్‌గ్రెస్‌లో వేర్వేరు. తరలించిన రోజున ఈ తేడా పైకి కనపడదు, లెక్కలన్నీ సరిపోతాయి. ఆ తర్వాత ఎవరో ఫారంలో ఫోన్ నంబర్ గడి ఖాళీగా వదిలేస్తారు. అప్లికేషన్ ఖాళీ స్ట్రింగ్ పంపుతుంది. నంబర్ లేనివాళ్లను నల్‌తో వెతికే పాత ప్రొసీజర్‌కు ఆ మనిషి దొరకడు. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పు. ఓరా2పీజీలో దీనికొక సెట్టింగ్ ఉంది. అది పెడితే కోడ్‌లో నల్ కోసం చూసే ప్రతి షరతునూ ఖాళీ స్ట్రింగ్‌ను కూడా పట్టుకునేలా తిరగరాస్తుంది. ఒరాకిల్ డేట్‌లో గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ డేట్‌లో రోజు మాత్రమే. పేరు ఒకటే కదా అని డేట్‌ను డేట్‌గానే మారిస్తే ప్రతి లావాదేవీ సమయమూ పోతుంది. అందుకే ఓరా2పీజీ దాన్ని టైమ్‌స్టాంప్‌గా మారుస్తుంది. 9 అంకెల నంబర్‌ను ఇంటిజర్‌గా, 12 అంకెలదాన్ని బిగ్‌ఇంట్‌గా దించుతుంది, ఎందుకంటే ఒరాకిల్ నంబర్‌కు నేరుగా సరిపోయే న్యూమరిక్‌తో లెక్కలు నెమ్మదిగా సాగుతాయి.

ఈ తిరగరాతంతా ప్రధానంగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతోనే జరుగుతుంది. పూర్తి వ్యాకరణం తెలిసిన పార్సర్ లేకపోవడం లోటేనని ఒప్పుకోవాలి. కానీ ఆ లోటును కాచుకున్న తీరు చూడండి. కోడ్‌లోని కామెంట్లు, కోట్స్ మధ్య ఉన్న మాటలు పొరపాటున మారిపోకూడదు. ఇంటికి సున్నం వేసేముందు పటాలు దించి, పనయ్యాక ఏ మేకుకు ఆ పటం తగిలించినట్టు, ముందుగా వాటన్నిటినీ తీసి, ఒక్కో చోట ఒక నంబరు గుర్తు వదిలి, మార్పులన్నీ అయ్యాక తిరిగి అక్కడే పెడుతుంది. ఎప్పుడో ఎవరో రాసుకున్న కామెంటు అక్షరం పొల్లుపోకుండా కొత్త డేటాబేస్‌లోకి వస్తుంది. ఆ కోడ్‌ను తర్వాత చూసుకోబోయేవాళ్లకు ఇదెంత మేలో కోడ్ రాసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

డేటా ఎక్కించేటప్పుడు ఇండెక్సులు, ఫారిన్ కీలు చివరికి ఉంచుతుంది. ప్రతి వరసకూ ఇండెక్స్ సరిదిద్దుకుంటూ పోతే పని ఎప్పటికీ తెమలదు. పెద్ద టేబుల్‌ను ముక్కలు చేసి ఒకేసారి అనేక కనెక్షన్లతో లాగుతుంది. అయ్యాక రెండువైపులా ఉన్న వస్తువులనూ వరసలనూ లెక్కపెట్టి పోల్చి చూపిస్తుంది. పాత డేటాబేస్ నడుస్తూ ఉండగానే వచ్చే కొత్త మార్పులను వెంటవెంటనే మోసుకురావడం మాత్రం దీని పని కాదు. దానికి డెబీజియం, అమెజాన్ డీఎంఎస్ లాంటివి ఉన్నాయి.

హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ ఒరాకిల్ డీబీఏలుగా ఉన్న మనవాళ్లలో చాలామందికి ఇవాళో రేపో ఈ పని మీద పడుతుంది. తేదీ ఒప్పుకునే ముందు ఆ రిపోర్టు ఒకసారి తీయండి. చదివే హక్కులున్న ఖాతా ఉంటే చాలు, పాత డేటాబేస్‌లో అది దేన్నీ మార్చదు.