కాడు

మా తమ్ముడి కొడుకు 'విన్‌లాండ్ సాగా' రెండో సీజన్ మూడు నాలుగు ఎపిసోడ్లు చూసి వదిలేశాడు. "ఇంకా మొద్దులే పెరుకుతుండారు పెద్దనాయనా, కత్తి ఎప్పుడు ఎత్తేది?" అన్నాడు. వాడు వదిలిన చోట నేను మొదలుపెట్టాను.

2019లో వచ్చిన మొదటి సీజన్ పదకొండో శతాబ్దపు వైకింగుల కథ. తండ్రిని చంపినవాడి ముఠాలోనే తిరుగుతూ అదను కోసం కాచుకున్న తోర్‌ఫిన్ పగ అది. 24 ఎపిసోడ్లూ నెత్తురే. చివరికి ఆ శత్రువును వేరెవరో చంపేస్తారు. పగ ఉంది, తీర్చుకోవడానికి మనిషి లేడు. 2023లో వచ్చిన రెండో సీజన్‌కు స్టూడియో మారింది, దర్శకుడు యబుతా షుహేయి మారలేదు. తొలి ఎపిసోడ్ ఎయినార్ అనే బానిసది. హీరో తోర్‌ఫిన్ చివర్లో గాని కనబడడు, వాడూ బానిసగానే. డెన్మార్క్‌లో కెటిల్ అనే ఆసామి ఇద్దరినీ కొని, అడవి కొట్టి గోధుమ పండించండి, ఆ డబ్బుతో మిమ్మల్ని మీరే విడిపించుకోండి అంటాడు. అంతే కథ. చెట్టు కూలుతుంది, మొద్దు కదలదు.

కదలదని నాకు తెలుసు. పదహారేళ్లప్పుడు మా చేలో సీమతుమ్మ మొద్దు ఒకటి తీయడానికి మూడు రోజులు పట్టింది. నేను గడ్డపారతో మొద్దు మీదే బాదుతుంటే, పక్కనున్న పెద్దాయన నవ్వి, చుట్టూ మన్ను తోడి, పక్క వేళ్లు ఒక్కొక్కటే గొడ్డలితో తెంచాడు. మూడో రోజు సాయంత్రం తల్లివేరు తెగింది. నా అరచేతులు పగిలాయి, ఆయనవి పగలలేదు. ఇప్పుడైతే జేసీబీ పది నిమిషాల్లో పీకి పారేస్తుంది.

తెలుగునాట కాడు అంటే శ్మశానం, ముసలివాళ్లను రమ్మని పిలిచేది. తమిళంలో అడవి. తమిళనాడులోని మా కొంగునాట మెట్టచేను కూడా కాడే. కాట్టుకు పోతున్నానని పొద్దున్నే బయల్దేరిన మనిషి కలుపు తీయడానికే పోతాడు. తోర్‌ఫిన్ కలలో చచ్చినవాళ్లు పట్టి లాగుతుంటారు, తెల్లారితే పార పట్టుకుంటాడు. వాడికి మూడు అర్థాల కాడూ ఒక్కచోటే ఉంది.

తెలుగువాళ్లు దక్షిణానికి వచ్చి అడవి కాల్చి చేలు చేసుకున్న కథను కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశారు. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. మా ఊరు కినత్తుకడవులోని తెలుగు ఇళ్లలో మేం చెప్పుకునేది మాత్రం ఎక్కువగా మొదటి సీజనే: రాజులు, గుర్రాలు, రాత్రికి రాత్రి నది దాటడం. ఆ తర్వాత ఒక్క ముక్క: "కాడు కొట్టినాము." ఆ 'మేము'లో ఎవరెవరున్నారు? మా ఊరి పేరులోనే బావి ఉంది. ఆ బావుల మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిలకు తోలు కుట్టిందీ, చాలాచోట్ల ఆ ఎద్దుల వెంట వెనక్కీ ముందుకూ నడిచిందీ అరుంధతియార్ కులంవాళ్లు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మనలాగే తెలుగు. మన కథల్లో వాళ్ల పేర్లు లేవు.

కెటిల్‌ను దుర్మార్గుడిగా మొదలుపెట్టకపోవడమే ఈ సీజన్‌లో నాకు నచ్చిన పనితనం. మెత్తనివాడు, కడుపుకు పెట్టేవాడు, అయినా మనుషుల్ని కొన్నవాడు. ఆ మెత్తదనం ఎంతవరకో తర్వాత చూపిస్తారు. మా తాత కూడా మెత్తని మనిషని ఊరంతా చెబుతుంది. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

ఆ చేలో ఇప్పుడు టమోటా వేశాం. మొద్దు తీసిన పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు ఒక్కటే నాకు తెలుసు, ఆయన తండ్రి పేరు తెలియదు. మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే, మీ బావి మీద కపిల తోలింది ఎవరో ఈ వారమే అడిగి రాసిపెట్టుకోండి.